సముద్రం లేని సీమ నుంచి లివ్‌అబోర్డ్ డైవింగ్‌కు: ఆరు నెలల ముందు నుంచి ఇంటికి చేరేదాకా

“బోరేస్తే నీళ్లు పడని ఊరోనివి, సముద్రం అడుగున నీకేం పనప్పా?”

మొదటిసారి మాల్దీవులకు డైవింగ్‌కు పోతున్నానని చెప్పినప్పుడు మా పెదనాన్న అడిగిన మాట ఇది. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. అనంతపురం నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం కనబడాలంటే ఒక రాత్రి బస్సులో గడపాల్సిందే. అయితే రెండు ట్రిప్పులు పోయొచ్చాక నాకు తెలిసొచ్చింది ఒకటుంది. ఈ ప్రయాణంలో చెడేవన్నీ దాదాపుగా ఒడ్డు మీదే, అదీ మన ఊళ్లోనే చెడతాయి. చూసుకోని చెవి, దాచిన ఆయాసం, ఎక్కువైన సూట్‌కేసు, వేళ తప్పి మింగిన మాత్ర. అందుకే ఇక్కడ చేపల గురించి తక్కువ, కర్నూలులోనో కడపలోనో కూర్చుని చేసుకోవాల్సిన పనుల గురించి ఎక్కువ రాస్తున్నాను.

లివ్‌అబోర్డ్ అంటే తినడం, పడుకోవడం అంతా పడవలోనే. ఒడ్డు నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాలేనంత దూరంలో ఉన్న రీఫ్‌ల (పగడపు దిబ్బల) దగ్గరికి పడవే రాత్రిపూట ప్రయాణిస్తుంది. మనం లేచేసరికి డైవ్ చేసే చోట ఉంటాం. రోజుకు మూడు, ఒక్కోసారి నాలుగు డైవ్‌లు. వారం ట్రిప్పులో పదిహేను నుంచి ఇరవై దాకా అవుతాయి. సుఖం ఎంతో శ్రమ కూడా అంతే. ఒక్క డైవ్‌లో ఇబ్బంది పెట్టని చిన్న లోపం వరసగా పదిహేను డైవ్‌లలో తప్పకుండా బయటపడుతుంది.

ముందు మీ డైవ్‌ల లెక్క తేల్చుకోండి

పడవ బుక్ చేయడానికి కనీసం ఆరు నెలల ముందు చూసుకోవాల్సింది మీ సర్టిఫికెట్, చేసిన డైవ్‌లన్నీ రాసుకునే లాగ్‌బుక్. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేస్తే 18 మీటర్ల లోతు దాకా అనుమతి ఉంటుంది. అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ చేస్తే 30 మీటర్లు. అడ్వాన్స్‌డ్‌లో ఐదు డైవ్‌లు ఉంటాయి. వాటిలో లోతు డైవ్, దిక్సూచితో దారి పట్టే డైవ్ తప్పనిసరి. చాలా లివ్‌అబోర్డ్ పడవలు అడ్వాన్స్‌డ్‌తో పాటు 30 నుంచి 50 దాకా లాగ్ చేసిన డైవ్‌లు అడుగుతాయి. ఇది మనల్ని ఆపడానికి పెట్టిన అడ్డంకి అనుకోవద్దు. ప్రవాహం బలంగా ఉన్న చోట అనుభవం లేని ఒక్కరి వల్ల గుంపంతా పైకి రావాల్సి వస్తుంది.

ఇంకా మొదలే పెట్టనివాళ్లకు ఒక మాట. ఓపెన్ వాటర్ కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, ఆ తర్వాత 10 నిమిషాలు ఏ ఆసరా లేకుండా నీటి మీద తేలాలి. చేని బావిలో నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లం మనం. 200 మీటర్లు పెద్ద సమస్య కాదు. కదలకుండా తేలమంటేనే కష్టం. బావి ఈతలో మనకు అలవాటైంది కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టడం. వీపుకు గాలి ట్యాంకు కట్టుకుని చేసే స్కూబా డైవింగ్‌లో ఆ అలవాటు గాలిని తినేస్తుంది. నేను మొదటి పది డైవ్‌లలో అందరికంటే ముందు ట్యాంకు ఖాళీ చేసినవాణ్ణి. ఈత రాక కాదు, అవసరానికి మించి ఈదడం వల్ల.

కోర్సుకు మన వైపు నుంచి పుదుచ్చేరి, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, గోవా, విశాఖ రుషికొండ అందుబాటులో ఉంటాయి. సెలవు, డబ్బు రెండూ ఉంటే అండమాన్‌లోని హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్ మేలు. నీళ్లు తేటగా ఉంటాయి. పడమటి తీరంలో వానాకాలం నెలలు డైవింగ్ బందు. పుదుచ్చేరి నీళ్లలో చాలాసార్లు ముందు మనిషి కాళ్లకు తొడుక్కున్న రెక్కలు, అంటే ఫిన్లు కూడా సరిగా కనబడవు. చాలామంది దాన్ని తిడతారు. నా మటుకు నాకు అదే మంచి బడి. మసక నీళ్లలో తనతో దిగిన జోడీని వదలకుండా ఉండడం నేర్చుకున్నవాడికి తేట నీళ్లు సులువు.

వీలైతే నైట్రాక్స్ కోర్సు కూడా చేసేయండి. మన ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: “ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపొస్తుంది అన్నా?” ట్యాంకులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడితో నింపి ఉంటుంది. అందులో 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపుగా నైట్రోజన్. లోతులో ఆ నైట్రోజన్ ఒంట్లో కరిగి నిల్వ ఉంటుంది. రోజుకు నాలుగు డైవ్‌లంటే అది పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ దిగుతాం. నైట్రాక్స్‌లో ఆక్సిజన్ 32 శాతం దాకా పెంచుతారు కాబట్టి నైట్రోజన్ తగ్గుతుంది, అడుగున ఉండగలిగే సమయం పెరుగుతుంది. దానికో షరతు కూడా ఉంది. 32 శాతం మిశ్రమంతో సుమారు 33 మీటర్లు దాటితే ఆక్సిజనే విషంలా పనిచేసి మూర్ఛ తెప్పించవచ్చు. నీళ్లలో మూర్ఛ అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే కోర్సు లేకుండా ఇవ్వరు.

డాక్టర్ దగ్గర దాపరికం వద్దు

ప్రతి డైవ్ సెంటర్, ప్రతి పడవ ఒక వైద్య ప్రశ్నావళి ఇస్తుంది. ఆస్తమా, మూర్ఛలు, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తి కుంచించుకుపోవడం, ఇలా సాగుతుంది. ఒక్కదానికి ‘అవును’ అని రాసినా డాక్టర్ సంతకం కావాలి. ఆ తలనొప్పి ఎందుకని అన్నింటికీ ‘లేదు’ కొట్టేసేవాళ్లను చూశాను. పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరితిత్తిలో ఎక్కడో గాలి ఇరుక్కుని ఉంటే అది బయటికి రాలేక గోడను చించుతుంది. ఆస్తమా గురించి అంత గట్టిగా అడిగేది అందుకే. డైవింగ్‌లో మొట్టమొదటి సూత్రం ‘ఊపిరి బిగపట్టకు’ అన్నది కూడా అందుకే.

మన ప్రాంతంలో దీనికి ఇంకోటి చేర్చుకోవాలి. తాడిపత్రి, బేతంచర్ల వైపు రాళ్ల పాలిష్ యూనిట్లలో పనిచేసినవాళ్లు, ఎప్పుడో టీబీకి మందులు వాడినవాళ్లు ఛాతీ ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా పల్మనాలజిస్టును కలిసి ‘స్కూబా డైవింగ్ చేస్తాను’ అని ఆ మాటే చెప్పి అడగండి. వట్టి ‘ఈతకు పోతున్నా’ అంటే ఎవరైనా సరే పొమ్మంటారు. 45 దాటి బీపీ, సిగరెట్ ఉన్నవాళ్లకు గుండె పరీక్ష కావాలి. గర్భిణులు డైవ్ చేయకూడదు, ఇందులో మినహాయింపు లేదు.

ఇక చెవి. నా మొదటి లివ్‌అబోర్డ్ చెడింది ఇక్కడే. ఎయిర్‌పోర్టుకు పోయే రాత్రి ఏసీ బస్సులో జలుబు పట్టింది. ‘సముద్రపు ఉప్పునీళ్లకు అదే పోతుంది’ అనుకుని ముక్కు తెరిపించే మాత్ర వేసుకుని దిగాను. దిగేటప్పుడు బాగానే ఉంది. పైకి వచ్చేటప్పుడు మందు పని అయిపోయి చెవి బిగుసుకుంది. గాలి బయటికి పోదు, నొప్పి చెప్పనలవి కాదు. ఆ తర్వాత రెండు రోజులు మిగతావాళ్లు మాంటా రే అనే పెద్ద రెక్కల చేపల వీడియోలు చూపిస్తుంటే డెక్ మీద కూర్చుని చాయ్ తాగాను. వారం ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి గుమిలి తీయించుకుని ఉంటే, ప్రయాణంలో చెవులకు మఫ్లర్ చుట్టుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదు. జలుబు ఉంటే దిగకూడదు, ముక్కు తెరిపించే మాత్ర వేసుకుని అసలు దిగకూడదు.

లోతుకు దిగేటప్పుడు చెవిలో ఒత్తిడి సర్దుకోవడం ఇంట్లోనే సాధన చేయండి. ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం ఒక పద్ధతి. ముక్కు మూసుకుని గుటక వేయడం ఇంకో పద్ధతి. ఏది మీకు సులువో రోజూ పొద్దున పళ్లు తోముకునేటప్పుడు నాలుగైదుసార్లు చేసి చూడండి. నీళ్లలో నొప్పి వచ్చాక ఊదడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. తల నీళ్లలో మునగగానే ఒకసారి, ఆపైన మీటరు మీటరుకూ చేయాలి. సర్దుకోకపోతే కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది.

ఎక్కడికి, ఎప్పుడు, ఏ పడవ

సీమవాళ్లకు మొదటి లివ్‌అబోర్డ్‌గా మాల్దీవులు అన్ని రకాలా అనుకూలం. బెంగళూరు నుంచి మాలేకు విమానంలో సుమారు రెండు గంటలు. భారతీయులకు 30 రోజుల వీసా అక్కడ దిగాక ఉచితంగా ఇస్తారు. నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉంటాయి. మే నుంచి నవంబర్ దాకా గాలివాన ఎక్కువ. అయితే ఆ కాలంలోనే మాంటా రేలు గుంపులుగా వస్తాయి. వాటికి పేరుపడ్డ హనీఫారు బేలో స్కూబా నిషేధం, నీటి పైన తేలుతూ ఊపిరి తీసుకునే గొట్టం, అంటే స్నార్కెల్‌తోనే చూడాలి. మాల్దీవులలో సరదా డైవర్లకు చట్టం ప్రకారం లోతు పరిమితి 30 మీటర్లు.

కష్టమల్లా ప్రవాహం. పగడపు దిబ్బల మధ్య సముద్రం లోపలికీ బయటికీ పారే కాలవలను అక్కడ ‘కండు’ అంటారు. నీటి అడుగున గుట్టలా లేచిన రీఫ్‌ను ‘థిలా’ అంటారు. కండు దగ్గర ప్రవాహం గేట్లెత్తినప్పటి కేసీ కెనాల్‌ను తలపిస్తుంది. అది తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంటే థాయ్‌లాండ్ సిమిలన్ దీవులు చూడండి. ఆ జాతీయ పార్కు అక్టోబర్ 15 నుంచి మే 15 దాకానే తెరిచి ఉంటుంది. ఈజిప్టు ఎర్రసముద్రంలో బ్రదర్స్, డెడాలస్ లాంటి దూరపు రీఫ్‌లు మొదటి ట్రిప్పుకు వద్దు. అక్కడ 50 డైవ్‌లు అడుగుతారు. చలికాలంలో నీళ్లు కూడా మనకు బాగా చల్లన.

పడవ ఫొటోల్లో జకూజీ ఉందా అని చూసేవాళ్లే ఎక్కువ. నేను ఇప్పుడు మొదట అడిగేది ఇంకోటి: “రాత్రి అందరూ పడుకున్నాక మేలుకుని తిరిగే మనిషి ఉన్నాడా?” 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ పడవ తగలబడింది. కింది అంతస్తులో నిద్రపోతున్న 34 మంది బయటికి రాలేక చనిపోయారు. రాత్రి కాపలా తిరిగేవాళ్లు లేకపోవడం పెద్ద లోపమని దర్యాప్తులో తేలింది. 2024 నవంబర్‌లో సీ స్టోరీ అనే పడవ ఎర్రసముద్రంలో మునిగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. బుక్ చేసేముందు మెయిల్‌లో ఈ ప్రశ్నలు అడగండి: మా క్యాబిన్ నుంచి బయటపడడానికి రెండు దారులు ఉన్నాయా, లిథియం బ్యాటరీలు చార్జ్ చేయడానికి మనిషి కాపలా ఉన్న చోటు ఉందా, ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఎంతమందికి సరిపోతుంది, ఒక్కో గైడ్ వెంట ఎంతమంది డైవర్లు. వీటికి సూటిగా జవాబివ్వని పడవను నేను వదిలేస్తాను, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

డబ్బు విషయంలో కనబడే ధర ఒకటి, కట్టే ధర ఒకటి. గ్రీన్ ట్యాక్స్, ఇంధన సర్‌చార్జి, పార్కు ఫీజు, నైట్రాక్స్, అద్దె సామాను, చివర సిబ్బందికి ఇచ్చే టిప్పు, ఇవన్నీ కలిసి ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా అడిగి రాయించుకోండి. చిన్న నోట్లలో డాలర్లు దగ్గర ఉంచుకోండి.

ఊళ్లో సాధన

మూడు నెలల ముందు నుంచి వారానికి మూడు రోజులు ఊళ్లో ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు పోండి. వేగం అక్కర్లేదు. ఫిన్లు వేసుకుని అరగంట ఆగకుండా, నెమ్మదిగా, తొడ నుంచి కాలు కదిలించాలి. మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు తొక్కొద్దు. మాస్క్‌లోకి నీళ్లు నింపుకుని ముక్కుతో ఊది బయటికి పంపడం పదిసార్లు. నీళ్లలో మాస్క్ మొత్తంగా తీసేసి, ఒక నిమిషం స్నార్కెల్‌తో ఊపిరి తీసి, మళ్లీ పెట్టుకోవడం ఐదుసార్లు. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి.

సాధన పేరుతో చేయకూడనిది కూడా చెప్పాలి. బావిలో ‘ఎవరు ఎక్కువసేపు మునిగుంటారు’ అని పందెం కట్టే అలవాటు మనకుంది. మునిగే ముందు గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి దూకుతారు. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఊపిరి తీసుకోవాలనిపించే సంకేతం మాత్రం ఆలస్యమవుతుంది. ఆయాసం తెలియకుండానే స్పృహ తప్పుతుంది. గొప్ప ఈతగాళ్లు కూడా ఇలా పోయారు. ఇక వదిలేసిన క్వారీ గుంతల్లో ట్యాంకు కట్టుకుని సొంతంగా ప్రయత్నిస్తామనేవాళ్లకు ఒకటే మాట: వద్దు.

మునగడానికి ఒంటికి కట్టుకునే సీసపు బరువు పూల్‌లో సరిపోయినంత సముద్రంలో సరిపోదు. ఉప్పునీరు మంచినీటి కంటే చిక్కన, మనల్ని ఎక్కువగా పైకి నెడుతుంది. సామానుతో కలిపి 90 కిలోల మనిషికి సుమారు రెండు, రెండున్నర కిలోలు అదనంగా కావాలి. మొదటి డైవ్ ముందు పడవ దగ్గరే బరువు సరిచూసుకుని, ఆ అంకె లాగ్‌బుక్‌లో రాసుకోండి.

ఒక సాధన మిద్దె మీద చేయొచ్చు. పైకి వచ్చేముందు పడవకు కనబడేలా గాలి నింపి వదిలే పొడవాటి నారింజ రంగు బెలూన్ ఉంటుంది, దాన్ని ఎస్ఎంబీ అంటారు. దాని దారం చుట్టను మిద్దె మీద నిలబడి చిక్కు పడకుండా విప్పడం, చుట్టడం నేర్చుకోండి. ఆ దారం చేతికి చుట్టుకుందంటే బెలూన్ మనల్ని కూడా పైకి లాక్కుపోతుంది. పావురాలకు ధాన్యం పోయడానికి మిద్దెక్కిన మా పక్కింటి అవ్వ నన్ను చూసి “ఇంత వయసొచ్చి గాలిపటమేందిరా?” అంది.

సామాను

గట్టి సూట్‌కేసు వద్దు. క్యాబిన్‌లో దాన్ని పెట్టే చోటుండదు. మడతపెట్టే బ్యాగు తీసుకోండి. విమానంలో బరువు పరిమితి ముందే చూసుకుని ఇంట్లో తూకం వేయండి. మాస్క్, లోతు, సమయం లెక్కపెట్టే డైవ్ కంప్యూటర్, ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, ఈత బట్టలు ఒక జత చేతి బ్యాగులో ఉండాలి. పెద్ద బ్యాగు తప్పిపోయినా ఇవి ఉంటే డైవ్ ఆగదు. టార్చ్ విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే పెట్టాలి. కత్తెర, కత్తి చెక్-ఇన్ బ్యాగులో.

అన్నీ కొనక్కర్లేదు. నా వరుస ఇది: మొదట మాస్క్, తర్వాత కంప్యూటర్, తర్వాత ఫిన్లు. మిగతావి అద్దెకు దొరుకుతాయి. మాస్క్‌ను పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అతుక్కుని నిలబడాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ అద్దాలు వేయించుకోవచ్చు. కొత్త మాస్క్ అద్దం మీద ఫ్యాక్టరీ పొర ఉంటుంది, మామూలు టూత్‌పేస్టుతో మూడు నాలుగుసార్లు రుద్ది కడగకపోతే నీళ్లలో మంచు కమ్మినట్టు ఉంటుంది. మీసం సంగతి కూడా ఇక్కడే. మాస్క్ అంచు మీసం మీద సరిగా అతకదు, నీళ్లు కారుతూనే ఉంటాయి. సీమ మీసం తీసేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. ముక్కు కిందుగా సన్నని గీతలా కత్తిరించుకుంటే చాలు. అదీ కాదంటే సిలికోన్ గ్రీజు రాసుకోండి. వాజలైన్ మాత్రం వద్దు, అది రబ్బరును పాడుచేస్తుంది.

కంప్యూటర్ ఎవరిది వాళ్లకే ఉండాలి, జోడీతో పంచుకునేది కాదు. మీ ఒంట్లోని నైట్రోజన్ లెక్క అందులోనే ఉంటుంది. బయల్దేరే వారం ముందు బ్యాటరీ చూసుకోండి. మాల్దీవులకు 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ సరిపోతుంది, కానీ నాలుగో రోజుకు చలి పుడుతుంది. కర్నూలు ఎండలో పుట్టిపెరిగిన ఒంటికి 28 డిగ్రీల నీళ్లలో గంటసేపు తక్కువ పరీక్ష కాదు. తలకు పల్చటి హుడ్ ఉంటే హాయి. టార్చ్‌లు రెండు, ఎస్ఎంబీ, విజిల్, ప్రవాహంలో నిలబడడానికి రీఫ్ హుక్. ఒక చిన్న డబ్బాలో మాస్క్ పట్టీ, ఫిన్ పట్టీ, ఓ-రింగులు, మౌత్‌పీస్, ప్లాస్టిక్ టైలు, కాస్త బేబీ షాంపూ. ఆ డబ్బా రెండు ట్రిప్పుల్లో నాకోసం ఒక్కసారీ తెరవలేదు, పక్కవాళ్ల కోసం ఆరుసార్లు తెరిచాను.

తిండి గురించి. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి, పడవ ఎక్కాక చెబితే వంటాయన చేతిలో ఉన్నది గుడ్లు, పాస్తా మాత్రమే. నూనె కారే ఊరగాయ సీసాకంటే పప్పుల పొడి, శెనక్కాయల పొడి, నిప్పట్లు మేలు. మాల్దీవులకు మద్యం, పంది మాంసం తీసుకుపోకూడదు. పూజా విగ్రహాలు కూడా నిషేధం, కాబట్టి బ్యాగులో అమ్మ పెట్టిన చిన్న వెంకటేశ్వరస్వామి ప్రతిమ ఉందేమో చూసుకోండి.

కాగితాలు, చివరి వారం

పాస్‌పోర్టుకు ఆరు నెలలైనా గడువు ఉండాలి. మాల్దీవులకు పోయే ముందు 96 గంటల లోపల ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, తిరిగి వచ్చేటప్పుడు కూడా. ఇన్సూరెన్స్ దగ్గర పొదుపు చేయకండి. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావాటిలో స్కూబా ఉండదు, ఉన్నా లోతు పరిమితి ఉంటుంది. ఒంట్లోని నైట్రోజన్ బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బు వస్తే ఒత్తిడి గదిలో వైద్యం, అక్కడిదాకా చేర్చడం రెండూ ఖరీదే. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి డైవర్ల కోసమే ఉన్న పాలసీ తీసుకోండి. పడవ పేరు, ఏజెంటు ఫోన్, పాలసీ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. రెండు రోజులు నెట్‌వర్క్ ఉండదని అమ్మకు ముందే చెప్పండి. లేకపోతే టెన్షన్ ఇక్కడ మొదలవుతుంది.

అనంతపురం వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. బెంగళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర, మనం పోయే 44వ నంబరు జాతీయ రహదారి వైపే ఉంటుంది, సిటీలోకి పోనక్కర్లేదు. కర్నూలువాళ్లకు శంషాబాద్ అలాగే కలిసొస్తుంది. ఏ ఊరివాళ్లైనా పడవ బయల్దేరే ముందు రోజే మాలే చేరండి. విమానం ఆలస్యమైతే పడవ ఆగదు.

సముద్రపు వాంతులకు మాత్ర పడవ ఊగడం మొదలయ్యాక వేస్తే పనిచేయదు. ముందు రాత్రి ఒకటి, ఎక్కే గంట ముందు ఒకటి, డాక్టర్ చెప్పిన మోతాదులో. మనకు బస్సు ప్రయాణానికి అలవాటైన అవోమిన్ బాగా మత్తు తెస్తుంది, ఆ మత్తుతో లోతుకు దిగడం మంచిది కాదు. డైవింగ్ సంగతి చెప్పి తక్కువ మత్తున్న మందు అడగండి. దాన్ని మొదటిసారి సముద్రం మీద పరీక్షించకండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డులో వెనక సీట్లో కూర్చుని పోయి రండి. మాత్ర ఎలా పనిచేస్తుందో, ఎంత నిద్ర వస్తుందో తేలిపోతుంది.

పడవ మీద

ఎక్కగానే చెప్పులు బుట్టలోకి పోతాయి, వారమంతా వట్టి కాళ్లే. క్యాబిన్‌లో లైఫ్ జాకెట్ ఎక్కడుందో, రెండో దారి ఎటో మొదటి రాత్రే నడిచి చూడండి. ఫోన్ దిండు కింద చార్జింగ్ పెట్టి పడుకోవద్దు. మాల్దీవులలో ట్యాంకులు, కంప్రెసర్ ‘ధోని’ అనే పక్క పడవలో ఉంటాయి, డైవ్‌కు అందులో పోతారు.

పొద్దున ఆరుకు గంట కొడతారు. బ్రీఫింగ్, డైవ్, టిఫిన్, మళ్లీ బ్రీఫింగ్, ఇలా చీకటి పడేదాకా. బ్రీఫింగ్‌లో గైడ్ బోర్డు మీద గీసే బొమ్మను ఫొటో తీసుకోవడం కాదు, ప్రవాహం ఎటు నుంచి ఎటు, జోడీ తప్పితే ఏం చేయాలి అన్న రెండు సంగతులు వినండి. తప్పిపోతే ఒక నిమిషం వెతికి పైకి రావడం మామూలు నియమం. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లకు మించొద్దు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. గైడ్ మీ కంటే లోతుకు పోతే మీరు కూడా పోవాలని లేదు. మధ్యాహ్నం ఒక డైవ్ మానేసి నిద్రపోవడం అవమానం కాదు. మూడో రోజు నేను మానేస్తాను, అదే నాకు సరిపడింది. నీళ్లు బాగా తాగండి, ఒళ్లు ఎండితే నైట్రోజన్ బయటికి పోవడం కష్టం. మద్యం తాగితే ఆ రోజుకు డైవింగ్ అయిపోయినట్టే.

స్నానానికి మంచినీళ్లు పడవే సముద్రపు నీటి నుంచి తయారుచేసుకుంటుంది, పొదుపుగా వాడమంటారు. ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మనకు ఇది చెప్పక్కర్లేదు. పడవలో ఒక్క బకెట్టుతో స్నానం ముగించేది మనవాళ్లే.

తిరుగు ప్రయాణం

పడవలు చివరి రోజు ముందే డైవ్‌లు ఆపేస్తాయి, విమానానికీ చివరి డైవ్‌కూ మధ్య 24 గంటలు ఉండేలా. వరసగా చాలా రోజులు డైవ్ చేసినవాళ్లకు కనీసం 18 గంటలు అన్నది డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. విమానంలో గాలి ఒత్తిడి రెండు వేల మీటర్ల పైబడిన కొండ మీద ఉన్నంతే ఉంటుంది. సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లోని నైట్రోజన్ బుడగలు కడుతుంది.

దీన్ని విమానానికి మాత్రమే అనుకుంటారు మనవాళ్లు. అసలు జాగ్రత్త సాధన ట్రిప్పుల్లో కావాలి. డైవింగ్‌లో సముద్ర మట్టానికి 300 మీటర్లు దాటితే ఎత్తు కిందే లెక్క. కడప 138 మీటర్లే, అనంతపురం 335. నేత్రాణిలో ఆదివారం రెండు డైవ్‌లు చేసి, ఆ సాయంత్రమే బస్సెక్కితే గంటల్లో పడమటి కనుమల పైన ఉంటారు. పుదుచ్చేరి నుంచి మదనపల్లె, కదిరి మీదుగా వచ్చినా దాదాపు 700 మీటర్లు ఎక్కాల్సిందే. ఆ రాత్రి తీరంలోనే పడుకుని మరునాడు బయల్దేరండి. సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టక తప్పదు.

ఇంటికి వచ్చాక ఒకటి రెండు రోజులు ఒంటిని గమనించండి. భుజంలో, మోకాలిలో నొప్పి, చర్మం మీద మచ్చలు, చేతులకు తిమ్మిరి, విపరీతమైన నీరసం ఉంటే ‘ప్రయాణం బడలిక’ అని జండూబామ్ రాసుకుని పడుకోవద్దు. ఆసుపత్రికి పోగానే మొదట చెప్పాల్సిన మాట ‘నిన్నటిదాకా స్కూబా చేశాను’ అని. మన వైపు డాక్టర్లకు ఈ డీకంప్రెషన్ జబ్బు రోజూ ఎదురయ్యేది కాదు, వాళ్లంతట వాళ్లు ఊహించాలనుకోవడం న్యాయం కాదు. ఆక్సిజన్ పెట్టమని అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ల ఎమర్జెన్సీ నంబరుకు ఆ డాక్టర్‌తోనే ఫోన్ చేయించండి.

సామాను ఉప్పు పోయేదాకా నానబెట్టాలి. అయితే మా బోరు నీళ్లలో నానబెట్టి ఆరేస్తే రెగ్యులేటర్ మీద తెల్లటి పొర కట్టింది. ఇప్పుడు చివరి కడుగు ఫిల్టర్ నీళ్లతో చేస్తాను. మిద్దె మీద ఎండలో ఆరేయొద్దు, మన ఎండకు రబ్బరు ఒక్క వేసవిలో పగిలిపోతుంది. నావి మెట్ల కింద నీడలో, మా పెదనాన్న పాత మంచం మీద ఆరుతాయి. ఆయన ఫిన్లను తిప్పి చూసి, “ఇవి మడికి నీళ్లు కట్టేటప్పుడు బురదలో పనికొస్తాయేమోరా?” అని అడిగాడు.